సహోదరుని దిద్దుబాటు – అగస్టీను, జెరోముల ఉత్తరాలు నేర్పే పాఠము

వాక్యభాగము: గలతీయులకు 2:11–14, సామెతలు 27:5, 6



ఈ దినము ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక సహోదరుడు గానీ సహోదరి గానీ మీ దగ్గరకు వచ్చి, "మీరు చేసినది సరి కాదు" అని చివరిసారి చెప్పింది ఎప్పుడు? ఆ మాట విన్న వెంటనే మీ మనస్సులో ఏమి కలిగింది? "ఇది నిజమేనా?" అనుకున్నారా? లేక "నాకు చెప్పడానికి ఇతనెవరు?" అనుకున్నారా? దాచుకోకుండా ఒప్పుకుందాం. మనలో చాలామందికి మొదట వచ్చేది రెండవ ప్రశ్నే. ఎదుటివాని తప్పు చెప్పడానికి వచనాలు మనకు త్వరగా దొరుకుతాయి. మన తప్పు ఒకరు చెప్పినప్పుడు మాత్రం ఒక్క వచనమూ గుర్తుకు రాదు.

ఇది ఈ కాలపు జబ్బు కాదు. సుమారు 1600 సంవత్సరాల క్రితం ఇద్దరు గొప్ప దైవజనుల మధ్య ఇదే సమస్య వచ్చింది. ఒకరు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను. మరొకరు బేత్లెహేములో కూర్చుని బైబిలును లాటిను భాషలోనికి తర్జుమా చేసిన జెరోము. వారు ఒకరికొకరు వ్రాసుకున్న ఉత్తరాలు నేటికీ మనకు ఉన్నాయి. వారి తగవు దేని గురించో తెలుసా? ఒక సహోదరుడు మరొక సహోదరుని దిద్దిన సంగతి గురించే!

అంతియొకయలో ఏమి జరిగింది?

మొదట గలతీ పత్రిక రెండవ అధ్యాయము చూద్దాం. అంతియొకయ సంఘములో యూదులైన విశ్వాసులు, అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులు కలిసి భోజనం చేసేవారు. పేతురు కూడా వారితో కూర్చుని తిన్నాడు. ఇంతలో యాకోబు దగ్గరనుండి కొందరు వచ్చారు. వారికి భయపడి పేతురు మెల్లగా వెనుకకు తగ్గి, వేరైపోయాడు. ఆయనను చూచి మిగిలిన యూదులు కూడా లేచారు. చివరకు బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకొనిపోయాడు. ఎవరు ఎవరితో కూర్చుని తింటారన్నది ఎంత పెద్ద సంగతో మన దేశంలో ఉన్న మనకు వేరే చెప్పనక్కరలేదు. పంక్తిలోనుండి ఒక పెద్దమనిషి లేచిపోతే, మిగిలి కూర్చున్నవారికి ఎంత అవమానమో మనకు తెలుసు.

అప్పుడు పౌలు అందరి యెదుట పేతురును నిలదీశాడు. పేతురు తప్పు చాటున జరిగినది కాదు. అది అందరూ చూస్తుండగా జరిగింది, అనేకులను తనతో లాగుకొనిపోతోంది. సువార్త సత్యమే అక్కడ ప్రమాదంలో ఉంది. అందుకే ఆ దిద్దుబాటు బహిరంగంగా జరిగింది.

తరువాతి కాలంలో ఈ వాక్యభాగము సంఘానికి ఇబ్బందిగా మారింది. మూడవ శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్త్వవేత్త దీనిని చూపించి క్రైస్తవులను ఎగతాళి చేశాడు. మీ సంఘానికి మూలస్తంభాలైన వారే తమలో తాము పోట్లాడుకున్నారు గదా అన్నాడు. ఈ నింద తొలగించాలని కొందరు బోధకులు ఒక ఉపాయం చెప్పారు. పేతురు నిజంగా తప్పు చేయలేదు, పౌలు నిజంగా గద్దించలేదు; చూచేవారు నేర్చుకోవాలని ఇద్దరూ ఆవిధంగా నటించారు అన్నారు. సుమారు 386, 387 సంవత్సరాలలో జెరోము గలతీ పత్రికకు వ్యాఖ్యానం వ్రాస్తూ ఈ అభిప్రాయాన్నే తీసుకున్నాడు. అపొస్తలుల గౌరవం కాపాడాలన్నదే ఆయన ఉద్దేశము.

దారి తప్పిన ఉత్తరము

ఆ వ్యాఖ్యానం చదివి అగస్టీను కలవరపడ్డాడు. గలతీ 1:20లో పౌలు తాను వ్రాసేది అబద్ధము కాదని దేవుని యెదుట చెబుతున్నాడు. అదే పత్రికలో జరగని గద్దింపును జరిగినట్లు వ్రాస్తే, ఇక లేఖనములలో ఏ మాటను నమ్మగలము? మంచి ఉద్దేశంతోనైనా సరే, ఒక్క అబద్ధాన్ని లేఖనములలోనికి రానిస్తే, తనకు కష్టంగా ఉన్న ప్రతి వాక్యాన్నీ ప్రతివాడూ అదే విధంగా తోసివేస్తాడు. అగస్టీను భయం ఇది.

ఆయన సుమారు 394 లేక 395లో జెరోముకు ఉత్తరం వ్రాశాడు. అప్పటికి అగస్టీను ఇంకా బిషప్పు కాలేదు, వయస్సు నలభై ప్రాంతంలో ఉంది. జెరోము ఆయనకంటె పెద్దవాడు, లోకమంతా పేరున్న పండితుడు. ఇద్దరూ ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అగస్టీను స్నేహితుడైన అలీపి బేత్లెహేము వెళ్లి జెరోమును చూచి వచ్చాడు, అంతవరకే పరిచయం.

ఆ దినాలలో తపాలా వ్యవస్థ మనకున్నట్లు లేదు. ఆ వైపు ఓడ ఎక్కే మనిషి దొరికితే అతని చేతికి ఉత్తరం ఇవ్వాలి. మొదటి ఉత్తరం తీసుకుపోవలసిన సహోదరుడు ప్రయాణానికి సిద్ధపడుతుండగా అతనిని బిషప్పుగా ఎన్నుకున్నారు. అతడు ఆగిపోయి, కొద్దికాలానికే చనిపోయాడు. సుమారు 397లో అగస్టీను ఇంకొక ఉత్తరం వ్రాశాడు. దానిని తీసుకున్నవాడు సముద్ర ప్రయాణానికి భయపడి వెళ్లలేదు.

కానీ ఆ ఉత్తరం ఊరకుండలేదు! చేతులు మారింది. నకళ్లు తయారయ్యాయి. రోములోను, ఇటలీలో మరికొన్ని చోట్ల దానిని చదివారు. హిప్పోలో అగస్టీను జెరోముకు వ్యతిరేకంగా ఒక పుస్తకం వ్రాసి రోముకు పంపాడని పుకారు పుట్టింది. చివరకు సిసిన్ని అనే పరిచారకుడు ఆద్రియ సముద్రంలోని ఒక ద్వీపంలో దాని నకలు చూచి, జెరోముకు అందజేశాడు. దానిమీద సంతకం కూడా లేదు.

ప్రియులారా, జెరోము స్థానంలో మిమ్మును ఊహించుకోండి. మీ తప్పు గురించి మీకు వ్రాసిన ఉత్తరాన్ని మీకంటె ముందు ఊరంతా చదివింది! పైగా ఆ ఉత్తరంలో మాటలు కూడా అంత మెత్తగా లేవు. తాను పాడిన పాటను వెనుకకు తీసుకొని వేరే పాట పాడిన ఒక గ్రీకు కవి కథ చెప్పి, నీవు కూడా అలాగే నీ మాట వెనుకకు తీసుకో అని అగస్టీను వ్రాశాడు. వయస్సులో పెద్దవానికి, చదువులో గొప్పవానికి అది ఎలా వినిపించి ఉంటుంది?

తేనె పూసిన కత్తి

జెరోముకు కోపం వచ్చింది. ఆయన స్వభావం మెత్తనిది కాదని చరిత్ర చదివిన వారందరికీ తెలుసు. 402లోను, ఆ తరువాతను ఆయన వ్రాసిన ఉత్తరాలలో ఆ గాయం కనబడుతుంది. ఆ ఉత్తరం నీదే అయితే ఒప్పుకొని నిజమైన ప్రతి పంపించు అన్నాడు. పేరున్నవారిని విమర్శించి నీవు పేరు తెచ్చుకోవాలని చూస్తున్నావని కొందరు అంటున్నారు అన్నాడు. నీ ఉత్తరం తేనె పూసిన కత్తిలా ఉందన్నాడు. నేను ముసలివాడను, నన్ను రెచ్చగొట్టవద్దు. అలసిన ఎద్దు అడుగు వేస్తే మరింత గట్టిగా వేస్తుందనే సామెతను గుర్తుంచుకో అని హెచ్చరించాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఇంకొక స్నేహాన్ని చూద్దాం. జెరోముకు యౌవనకాలం నుండి రూఫిను అనే ప్రాణస్నేహితుడు ఉండేవాడు. ఆరిగెను బోధల విషయంలో వారిద్దరికీ భేదం వచ్చింది. రూఫిను జెరోముకు వ్యతిరేకంగా పుస్తకం వ్రాశాడు. జెరోము తిరిగి వ్రాశాడు. దెబ్బకు దెబ్బ, మాటకు మాట. ఆ స్నేహం మళ్లీ అతకలేదు. రూఫిను చనిపోయిన తరువాత కూడా జెరోము కలం చల్లారలేదు. ఈ తగవులో వ్రాసిన వాటిని చదివి తన హృదయం ఎంత బాధపడిందో అగస్టీను జెరోముకే వ్రాశాడు. మీరిద్దరూ ఒకేచోట కనబడితే మీ పాదాల మీద పడి ఏడ్చి బ్రతిమాలుకుంటానన్నాడు.

ఇప్పుడు అదే జెరోము, అదే కలం, అదే కోపం అగస్టీను వైపు తిరిగాయి. ఈ స్నేహం కూడా అదే దారిలో పోవచ్చును. ఎందుకు పోలేదు?

కళ్లంలో పొట్టు

సుమారు 404లో అగస్టీను ఇచ్చిన జవాబును గమనించండి. తనకు వ్యతిరేకంగా పుస్తకం వ్రాశాడన్న పుకారు అబద్ధమని ఆయన ముందే స్పష్టం చేశాడు. ఇప్పుడు, నా మాటలు నిన్ను గాయపరచి ఉంటే క్షమించు అని అడిగాడు. జెరోము కోపంతో అన్న ఆ ఎద్దు మాటనే తీసుకొని దానిని ప్రార్థనలా మార్చాడు. నీవు ప్రభువు కళ్లంలో ధాన్యం నూర్చే ఎద్దువైతే, ఇదిగో నేను ఇక్కడే ఉన్నాను, గట్టిగానే త్రొక్కు; నాలోని తప్పు అనే పొట్టు నలిగిపోతే నీ వయస్సు బరువు నాకు భారం కాదు అన్న భావముతో వ్రాశాడు.

పల్లెటూళ్లలో కళ్లం చూచినవారికి ఈ మాట బాగా అర్థమవుతుంది. ఎద్దు త్రొక్కేది గింజను నాశనం చేయడానికి కాదు. గింజ వేరు, గడ్డి వేరు, పొట్టు వేరు కావడానికే. దిద్దుబాటు బరువుగానే ఉంటుంది. కానీ ఆ బరువు క్రింద పోయేది మనము కాదు, మనలోని పొట్టు.

అంతమాత్రాన అగస్టీను సత్యాన్ని విడిచిపెట్టాడా? లేదు. లేఖనములలో అబద్ధము లేదన్న మాటమీద గట్టిగా నిలబడ్డాడు. అయితే స్నేహానికి హాని లేకుండా ఒకరి వ్రాతలను ఒకరు దిద్దుకోలేకపోతే, ఈ చర్చ ఆపివేద్దామని కూడా అన్నాడు. ఉప్పొంగజేసే జ్ఞానం కంటె క్షేమాభివృద్ధి కలుగజేసే ప్రేమ ముఖ్యమని 1 కొరింథీయులకు 8:1 ఆయనకు తెలుసు.

దిద్దినవాడు తానూ దిద్దబడ్డాడు

ఇంకొక సంగతి ఉంది. ఇదే కాలంలో అగస్టీను మరొక విషయంలో జెరోమును ప్రశ్నించాడు. జెరోము పాత నిబంధనను గ్రీకునుండి కాక నేరుగా హెబ్రీనుండి తర్జుమా చేయడం ఆయనకు నచ్చలేదు. దానికి ఉదాహరణగా 403లో ఒక సంఘటన వ్రాశాడు. నేటి లిబియా దేశంలోని ట్రిపోలి అప్పుడు ఓయా అనే పట్టణం. అక్కడి సంఘములో జెరోము క్రొత్త తర్జుమా నుండి యోనా గ్రంథం చదివారు. నాలుగవ అధ్యాయంలో యోనాకు నీడ ఇచ్చిన చెట్టు పేరు మారిపోయింది! చిన్నప్పటినుండి సొర అని విన్నవారికి ఇప్పుడు వేరే తీగె పేరు వినబడేసరికి సంఘములో పెద్ద అలజడి లేచింది. బిషప్పుకు తన మందయే లేకుండా పోయే పరిస్థితి వచ్చింది.

మన తెలుగు బైబిలులో కూడా అది సొరచెట్టే. హెబ్రీ మాట ఆముదపు చెట్టును సూచిస్తుందని అనేకమంది పండితుల అభిప్రాయము. రేపు ఆదివారం మీ సంఘములో ఎవరైనా సొరచెట్టుకు బదులు ఆముదపు చెట్టు అని చదివితే వెనుక బెంచీలలో గుసగుసలు మొదలవుతాయి గదా!

జెరోము తన కారణాలను వివరంగా వ్రాశాడు. 405లో అగస్టీను ఒప్పుకున్నాడు. హెబ్రీనుండి తర్జుమా చేయడం వలన కలిగే ప్రయోజనం నీవు నాకు నచ్చజెప్పావు అన్నాడు. ప్రజలు కలవరపడతారని దానిని తన సంఘములలో చదివించడానికి మాత్రం ఇంకా వెనుకాడాడు. చూచారా? దిద్దడానికి కలం పట్టినవాడు తానూ దిద్దబడ్డాడు. ఇతరులను దిద్దాలనుకునే ప్రతివాడు ఈ రెండవ పనికి కూడా సిద్ధపడాలి.

పౌలు ధైర్యం కంటె గొప్పది

ఆ 405 సంవత్సరపు ఉత్తరంలోనే ఒక ఆణిముత్యం ఉంది. సంఘ మర్యాద ప్రకారం బిషప్పు హోదా ప్రెస్బితరు కంటె పెద్దదైనా, అనేక విషయాలలో అగస్టీను జెరోము కంటె తక్కువవాడే అని ఆయన తననుగూర్చి వ్రాసుకున్నాడు. తరువాత అంతియొకయ సంగతికి వచ్చి ఈ భావం చెప్పాడు: ప్రేమ చెడకుండా సత్యము కొరకు పెద్దవానిని ఎదిరించిన పౌలు మాదిరి మంచిదే. కానీ తనకంటె వెనుక వచ్చినవాడు దిద్దితే దానిని సాత్వికముతో అంగీకరించిన పేతురు మాదిరి అంతకంటె అరుదైనది, అంతకంటె పరిశుద్ధమైనది.

ఎంత లోతైన మాట! పేతురు తప్పును దాచితేనే ఆయన గౌరవం నిలుస్తుందని జెరోము అనుకున్నాడు. తప్పు నిజమైతేనే పేతురు నిజమైన గొప్పతనం కనబడుతుందని అగస్టీను చెప్పాడు. పేతురు ఏమి జవాబిచ్చాడో గలతీ పత్రికలో లేదు. కానీ 2 పేతురు 3:15 తీసి చూడండి. అక్కడ ఆయన పౌలును ప్రియ సహోదరుడు అంటున్నాడు. అందరి యెదుట తనను నిలదీసిన మనిషిని!

తరువాత ఏమైంది? 415లో జెరోము పెలగియుని బోధకు జవాబు వ్రాస్తూ, పేతురంతటి వాడే పౌలుచేత నిజంగా నిందింపబడినట్లు మాట్లాడాడు. పెద్ద ప్రకటన ఏమీ చేయలేదు. నెమ్మదిగా తన అభిప్రాయం మార్చుకున్నాడు. అగస్టీను దానిని గమనించి సంతోషించాడే గాని, "నేను గెలిచాను" అని చాటుకోలేదు. ఆ తరువాత ఇద్దరూ దేవుని కృపను గూర్చిన సత్యము కొరకు ఒకే పక్షాన నిలబడ్డారు. 418 ప్రాంతంలో జెరోము అగస్టీనును ఎంతో మెచ్చుకుంటూ వ్రాశాడు. 420 ప్రాంతంలో జెరోము చనిపోయాడు. అగస్టీను తన చివరి సంవత్సరాలలో, 426, 427 ప్రాంతంలో, తాను అప్పటివరకు వ్రాసిన 93 రచనలను మళ్లీ చదివి, ఎక్కడెక్కడ పొరపాటు పడ్డాడో తానే వ్రాసి ప్రచురించాడు. ఇతరుల దిద్దుబాటు వినడం నేర్చుకున్నవాడే తనను తాను దిద్దుకోగలడు.

మనకు పాఠములు

మొదటిది, దిద్దుబాటు ముందుగా ఆ మనిషికే చేరాలి. మత్తయి 18:15లో ప్రభువు చెప్పినది ఇదే: నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు. అగస్టీను ఉత్తరం దారి తప్పింది ఆయన కోరి చేసినది కాదు. మన ఉత్తరాలు దారి తప్పడం లేదు, మనమే దారి తప్పిస్తున్నాము. సహోదరుని తప్పును అతనికి చెప్పకముందే వాట్సాప్ గ్రూపులో పెడతాము. "ఫలానా వారికోసం ప్రార్థన చేయండి" అంటూ సంగతంతా చెప్పేస్తాము. పుల్పిట్ మీద నుండి పేరు చెప్పకుండా, అందరికీ తెలిసేటట్లు ప్రసంగిస్తాము. అది దిద్దుబాటు కాదు. అయితే ఒక జాగ్రత్త. అనేకులను పడద్రోసే బహిరంగ పాపాన్ని, బలహీనులకు హాని చేసే అన్యాయాన్ని "ఒంటరిగా" అన్న మాట చాటున దాచకూడదు. అంతియొకయలో పౌలు దాచలేదు.

రెండవది, మాట తీరు చూచుకోవాలి. సత్యము మన పక్షాన ఉన్నంతమాత్రాన మన మాటలన్నీ ప్రేమ గలవి కావు. అగస్టీను చెప్పిన సంగతి సరియైనదే, చెప్పిన తీరు గ్రుచ్చుకుంది. గ్రుచ్చుకుందని తెలిసినప్పుడు ఆయన "నేను నిజమే చెప్పాను గదా" అని వాదించలేదు, క్షమాపణ అడిగాడు. గలతీయులకు 6:1 చెప్పే సాత్వికమైన మనస్సు అంటే ఇదే.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, దిద్దుబాటును పుచ్చుకొనుట. చెప్పినవాడు చిన్నవాడు కావచ్చు. చదువు లేనివాడు కావచ్చు. మీ కోడలు కావచ్చు, మీరు బాప్తిస్మము ఇచ్చిన యౌవనస్థుడు కావచ్చు. చెప్పిన తీరు బాగాలేకపోవచ్చు. చెప్పినదానిలో సగం పొరపాటు కూడా కావచ్చు. అయినా, "ఇతనెవరు?" అని అడగకముందు "ఇందులో నిజమెంత?" అని దేవుని సన్నిధిలో అడగండి. జవాబు చెప్పడానికి ఒక రాత్రి ఆగండి. మిగిలిన సగంలో ఉన్న నిజాన్ని పోగొట్టుకోకండి.

ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈ మాటలు చదువుతుండగా మీకు ఒక ముఖం గుర్తుకు వచ్చి ఉండవచ్చు. ఎన్నో సంవత్సరాల క్రితం మీకొక మాట చెప్పి, ఆ తరువాత మీ గుమ్మం త్రొక్కని మనిషి. లేక మీరు మాట తూలి గాయపరచిన మనిషి. జెరోముకు, రూఫినుకు సమయం దాటిపోయింది. మీకింకా దాటిపోలేదు. హిప్పోకు, బేత్లెహేముకు మధ్య సముద్రం ఉంది; మీకూ ఆ వ్యక్తికీ మధ్య బహుశా రెండు వీధులే ఉన్నాయి. ఈ వారంలోనే వెళ్లండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, మమ్మును దిద్దడానికి నీవు పంపిన మనుష్యులను తృణీకరించినందుకు మమ్మును క్షమించుము. చెప్పవలసిన మాట ప్రేమతో చెప్పే ధైర్యమును, వినవలసిన మాట వినే సాత్వికమును దయచేయుము. నీ కళ్లంలో మా పొట్టును పోనిచ్చి, గింజను నీకొరకు భద్రపరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.